సరే అన్న తేదీ

థండర్ బేలో అక్టోబర్ అంటే
టైర్లు మార్చే నెల.
సరస్సు మీంచి గాలి షట్టరు కింద దూరి
కౌంటరు మీది రసీదుల్ని
తడి వేలితో తిప్పుతుంది.

మా గార్త్ అన్నాడు:
"ఐలా, పెట్టెలో పదేళ్ల రసీదులున్నాయి,
ప్రతిదాని మీదా ఒక ఫోన్ నంబరు.
అందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టెయ్
మంచు టైర్లు వచ్చాయని."

నంబరిచ్చినంత మాత్రాన మాటిచ్చినట్టు కాదు, అన్నాను.
బండి తయారైతే పిలవమని ఇచ్చారు,
బేరానికి పిలవమని కాదు.
మౌనం అర్ధాంగీకారమేగా
అన్నట్టు చూశాడు.
నా పుస్తకంలో
అర్ధానికి గడి లేదు.

కాబట్టి అడుగుతాను, ఒక్కొక్కరినీ.
"నెలకి రెండు మెసేజ్‌లు, అంతకు మించవు.
విసుగొస్తే 'ఆపు' అని పంపండి, ఆగిపోతాయి.
సరేనా?"
అడిగింది రాస్తాను, అడిగిన మాటల్లోనే.
తేదీ, గంట, ఎదురుగానా ఫోన్‌లోనా,
చివరి గడిలో
వాళ్లేమన్నారో.

ఆ చివరిది దండగంటాడు గార్త్.
సరే అంటే సరే, అందులో రాసేదేముంది?

డెమూలాన్ గారన్నారు:
"సరే గాని రాత్రిపూట వద్దమ్మా,
మనవడు నా ఫోన్ పక్కనే పడుకుంటాడు."
గడ్డం కుర్రాడొకడు తలూపాడు.
తలూపుడు రాయలేను నాయనా, నోటితో చెప్పు.
చెవులు ఎర్రబడి "ఊఁ" అన్నాడు.
"ఊఁ" అనే రాశాను.
ఒకావిడ సంతకానికి పెన్ను తీసి
గడిలో ముందే పడి ఉన్న టిక్కు చూసి ఆగింది.
"ఇది నేను పెట్టలేదే?"
గార్త్ చవగ్గా అచ్చేయించిన కాగితాలవి.
ఆ సాయంత్రం కట్టంతా పొయ్యిలో వేశాను.
బాగానే కాలాయి.

నవంబర్లో ఒకామె వచ్చింది,
భుజాల మీది మంచు దులపకుండానే
ఒక ఫోన్ కౌంటరు మీద పెట్టింది.
"హాకలా గారూ, మీ టైర్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి,
ఎప్పుడొస్తారు?"
అని వెలుగుతోంది తెర.
"మా అన్న ఆగస్టులో పోయాడు.
ఎవరికీ నంబరిచ్చే మనిషి కాదు.
మీకెవరు ఇమ్మన్నారు?"

వాదించలేదు. పుస్తకం తిప్పి ఆమె వైపు జరిపాను.
మార్చి పదకొండు, మధ్యాహ్నం రెండూ ఇరవై, కౌంటరు దగ్గర.
హాకలా, ఒన్ని.
"పంపు. టైర్ల గురించే కానక్కర్లేదు, ఏదో ఒకటి పంపు.
ఇంట్లో గడియారం తప్ప ఏదీ మోగదు."

రెండుసార్లు చదివింది.
మూడోసారి వేలు పెట్టి చదివింది.
"రోడ్డుకు అవతలే ఉంటాను నేను.
రోజూ కాఫీకి వచ్చేవాడు.
ఒక్క ముక్క అనలేదు."

లోపల జాకీ దిగిన చప్పుడు.
ఇలాంటప్పుడు ఏం చెప్పాలో
ఏ గడిలోనూ లేదు నాకు.
గీత కొట్టాను, మాట కనిపించేలా, సన్నగా.
నవంబర్ ఆరు. చెల్లెలు చెప్పగా ఆపేశాం.

తలుపు దాకా వెళ్లిన మనిషిని
అడగాలా వద్దా అని నీళ్లు నమిలి
అడిగేశాను, అలవాటు చొప్పున:
"మీ నంబరు రాసుకోమంటారా?"
"వద్దు."
కొత్త వరుసలో రాశాను. వద్దు.
పదీ నలభై, ఎదురుగా.
అదీ ఆమె మాటే, పోగొట్టడానికి వీల్లేదు.

ఆ రాత్రి షట్టరు దించాక
గార్త్ పుస్తకం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.
వారానికి కొత్త కాగితాలొచ్చాయి.
టిక్కు లేదు.
చివరి గడి
రెండంగుళాలు పెరిగింది.
అచ్చుకు డబ్బులెక్కువయ్యాయని
మధ్యాహ్నం దాకా సణిగాడు.