రెండు పొంగుల నడుమ

గీజరంటే షావుకారి మేడ మీద
స్నానాల గదిలో వేలాడే తెల్ల డబ్బా అనుకున్నాను.
కాదు నాన్నా, అని నవ్వింది మా ఝాన్సీ
తొమ్మిదో తరగతి పుస్తకం నా ఒళ్లో పెట్టి.
ఎక్కడో అగ్నికొండల అడవిలో
నేల తనంతట తానే మరిగి
తాటిచెట్టంత ఎత్తుకి లేస్తుందట.
జనం బల్లలేసుకుని ఎదురుగా కూచుంటారట
చేతిలో గడియారం, ఒళ్లో నోటుపుస్తకం.

నవ్వొచ్చింది నాకు.
పలాసలో జీడిపిక్కల బాయిలరు దగ్గర
పదిహేడేళ్లుగా నేను చేసేదీ అదే కదా.
నాకు జీతమిస్తారు, అంతే తేడా.

పిక్కల్ని ఉడికించేది పిక్కల తొక్కే.
నల్లటి పొగ, గొంతులో జీడి ఘాటు.
ముల్లు ఎర్రగీత దాటగానే
సేఫ్టీ వాల్వు ఈల వేస్తుంది,
రైల్వేగేటు అవతల కాకులు లేస్తాయి,
నేను టైము రాస్తాను.
పదీ ఇరవై. పదకొండూ అయిదు. పన్నెండుకి పది తక్కువ.

ఆ రాత్రి ఝాన్సీ చదివి వినిపించింది:
అడుగు నీరు మరిగే వేడిని ఎప్పుడో దాటేస్తుందట,
అయినా మరగదట.
పైనున్న నీళ్ల బరువు దాన్ని కూచోబెడుతుందట.
సన్నటి గొంతు, పైన బరువు, కింద నిప్పు.
ఓ గిద్దెడు నీరు పైనుంచి ఒలికితే చాలు
అడుగంతా ఒక్కసారే ఆవిరై లేస్తుందట.

"గిద్దెడేనా?" అన్నాను.
"గిద్దెడే" అంది.

మర్నాడు నాకు దాలమ్మే కనిపించింది.
కటింగు మిషను మీద ఆమె కుడిచెయ్యి,
ఆముదం రాసి బూడిదలో అద్దినా
జీడి తినేసిన వేళ్లు.
పదకొండేళ్లలో ఆమె గొంతు నేను విన్నది
"నీళ్లున్నాయేటి, అన్నా?" అన్నంత వరకే.

కాటా దగ్గర గుమస్తా జోగారావు
ఆమె తట్ట తూచి
తడి కింద రెండొందల గ్రాములు కోసేడు.
రోజూ కోసేదే.
ఆ రోజు మటుకు ఓ మాట కలిపేడు:
"ఏటే, సెమటక్కూడా కూలిమ్మంటావా?"

ఒలికింది గిద్దెడు.

నోటుపుస్తకం తీసేను, చేతి అలవాటు.
మూడూ పది.
"నా సెమట నువ్వు తూస్తావేట్రా" అని మొదలైంది.
మొగుడు ఆస్పత్రిలో ఉన్ననాడు కోసిన కూలి,
పురిటికి పోయిన నీలవేణిని మళ్లీ రానివ్వని సంగతి,
నాలుగేళ్ల కిందటి అరకేజీ పప్పు లెక్క,
తలుపేసి వెతికిన చీరకుచ్చెళ్లు,
అడుగున ఉన్నదంతా.
నలభై మిషన్లు ఆగిపోయాయి.
మధ్యలో వాల్వు ఈల వేసింది, ఎవరికీ వినబడలేదు.
మూడూ ఇరవై రెండు.

పన్నెండు నిమిషాలు.

పొంగు పొట్టిదైతే మళ్లీ తొందరగా వస్తుందట.
పొడుగుదైతే చాలాసేపు ఆగాలట,
ఖాళీ అయిన అడుగు నిండాలి కదా.
ఆ లెక్కన
దాలమ్మకి ఇంకో పదకొండేళ్లు.
జోగారావూ అదే లెక్క వేసుకున్నట్టున్నాడు,
సాయంత్రానికి మళ్లీ తడి కోసేడు.

శనివారం షావుకారు వచ్చేడు.
కోప్పడలేదు.
మనిషికో కాజాల పొట్లం పంచేడు,
నాక్కూడా.
నేను తినేసేను, అబద్ధమెందుకు.

ఆ రాత్రి ఝాన్సీ పేజీ తిప్పింది.
చూడవచ్చినవాళ్లు నాణేలూ చెత్తా పడేస్తే
ఊట గొంతు పూడిపోతుందట.
ఆ తర్వాత అది ఉత్త గుంటేనట.
పళ్ల మధ్య పంచదార ఇంకా కరకరమంటోంది నాకు.

చివర్న ఇంకో ముక్క ఉంది.
ఎక్కడో భూమి కదిలితే
ఇన్నేళ్ల లెక్కా తప్పుతుందట.
నిద్రపోయినవి లేస్తాయట, లేచేవి వేళ మార్చుకుంటాయట.

ఇవాళ సోమవారం.
దాలమ్మ కాజాల పొట్లం విప్పలేదు,
మిషను పక్కనే ఉంది, చీమలు పట్టేయి.
పక్కన గున్నమ్మదీ విప్పలేదు.
ఆ వరసలో ఎన్ని పొట్లాలని
నేను లెక్కపెడుతుంటే
ముల్లు ఎర్రగీత దాటింది.

ఈల.
టైము రాద్దామని పెన్ను తీసేను.
ఏ గడిలో రాయాలో తెలియలేదు.