ఎడమ చెవి

నాతో మాట్లాడాలంటే ఎడమ పక్కన కూర్చోండి.
కుడి చెవి కోటిపల్లి రేవుకి ఎగువన
మూడు బారల లోతులో ఉండిపోయింది.

పదేళ్ళప్పుడు ఇసక పడవెక్కేను.
మొదటి ఉద్యోగం నీళ్ళు తోడ్డం.
సగానికి కోసిన నూనె డబ్బా,
పలకల సందుల్లోంచి ఊరే గోదారి.
తోడితే తరగదు, తోడకపోతే తిట్లు.
సరంగు గంగాచలం అనేవాడు:
"ఒరే, పడవలోకొచ్చిన నీరు
బాకీకొచ్చిన షావుకారు లాంటిది,
కూర్చోమనకూడదు."

మీసం వచ్చేక గెడ ఇచ్చేరు.
ఆ తర్వాత బకెట్టు.
అడుగున చిల్లులు పొడిచిన ఇనప బకెట్టు,
నీళ్ళు ఏటికి, ఇసక మనకి.

గెడ నేలలోకి గుచ్చి, దాన్నే పట్టుకుని
కాళ్ళతో దిగాలి.
మొదటి బార పచ్చగా ఉంటుంది,
రెండో బార టీ రంగు,
ఆ కింద రంగన్నదే లేదు.
అక్కడ కళ్ళు దండగ. అరికాలే చూస్తుంది:
ఇది ఒండ్రు, ఇది గుల్ల, ఇది మంచి ఇసక,
ఇది కార్తీకంలో ఎవరి చేతిలోంచో జారిన రాగి చెంబు.
(ఇంట్లోనే ఉంది.
లోవమ్మ దాంతో బియ్యం కొలుస్తుంది.)

బకెట్టు నింపి తాడు రెండుసార్లు గుంజితే
పైనుంచి ధర్మయ్య లాగుతాడు.
ఒక్కసారే గుంజితే ఏమిటో
మేం ఎప్పుడూ చెప్పుకోలేదు.
చెప్పుకోకూడదు.

రోజుకి నూట యాభై మునకలు.
పడవ నిండితే అంచుకీ నీటికీ మధ్య జానెడు.
ఆ జానెడే నాలుగిళ్ళ పొయ్యి.
సగం పడవ ఆసామికి, కొంత డీజిలుకి,
మిగిలింది నాలుగు వాటాలు.
ఎర్రనీరు దిగిందా, మూడు నెలలు వాటాల్లేవు.
అప్పుడు కొట్టు సూరమ్మ పుస్తకంలో
మా పద్దులు గట్టు దాటతాయి.

పెళ్ళయిన కొత్తలో లోవమ్మ అడిగింది,
"లోపల ఏం వినపడద్ది?"
అవతలి పడవ ఇంజను, ఊరవతల మర ఆడినట్టు.
నా గుండె.
ఇంకా, ఇసక నడిచే చప్పుడు.
ఆయ్, నడుస్తుందండి.
రాత్రనక పగలనక
అడుగు పట్టుకుని సముద్రం కేసి పోతూనే ఉంటుంది,
చేటలో నూకలు కదిపినట్టు.
ఆ మాటకి తను చేట ఆపి
కాసేపు నా కేసే చూసింది.

ఓ పుష్యమాసం పొద్దున
చెవిలో టప్పుమని ఏదో తెగింది.
పైకొస్తే ధర్మయ్య నోరు కదులుతోంది, మాట లేదు.
వెక్కిరిస్తున్నాడనుకుని నవ్వేను.
మెడ మీద వెచ్చగా జారేక గానీ తెలియలేదు.
పడవ ఇంకా సగమే నిండింది.
మళ్ళీ దిగేను.

రామచంద్రపురంలో డాక్టరుగారు
చెవిలోకి లైటు వేసి చూసి
చాలాసేపు చెప్పేరు.
ఆయన నా కుడి పక్కన కూర్చున్నారని
మెట్లు దిగేక గుర్తొచ్చింది.
లోవమ్మే రెండు ముక్కల్లో తేల్చింది:
"మునగొద్దంట. మూడొందలంట."

ఇప్పుడు చుక్కాని దగ్గర నేను.
వాటా అంతే, తల తడవదు.
బకెట్టు గంగాచలం మనవడు నూకరాజు చేతికొచ్చింది.
ఈతలో చేప, మాటలో కోతి.
వాడు మునిగినప్పుడల్లా లెక్కపెడతాను.
ముప్పై దాకా చుట్ట కాలుస్తూనే ఉంటాను.
నలభైకి చుట్ట ఆరిపోతుంది.
మొదటిరోజే వాణ్ణి అంచున కూర్చోబెట్టి
తాడు సంగతి చెప్పేను,
రెండుసార్లు గుంజితే బకెట్టు.
ఒక్కసారి గుంజితే ఏమిటో కూడా చెప్పేను.
ధర్మయ్య ఏటి కేసి తిరిగి ఉమ్మేడు.
ఉమ్మనీ.

రాత్రి ఎడమ చెవి తలగడకి నొక్కి పడుకుంటే
కుక్కలుండవు, పక్కింటి టీవీ ఉండదు,
లోవమ్మ గొణుగుడు కూడా ఉండదు.
చేట మాత్రం కదులుతూనే ఉంటుంది.
నిద్రలో నా కాలివేళ్ళు
దుప్పటిని తవ్వుతాయని తను అంటుంది.
మంచి ఇసకే తగిలి ఉంటుంది.