డజను లెక్క

మా ఇంట్లో దువ్వెనలు లెక్కపెట్టేది దండాసే.
రెండు చేతులూ చాపితే సరిగ్గా డజను.
వేలికొకటి తగిలించుకుని
"అయిపోయాయి నాన్నా" అంటాడు.
నేనైతే పదింటి దగ్గర ఆగి
ఇంకో రెండు వేళ్ళు అప్పు తెచ్చుకోవాలి.

పర్లాకిమిడిలో కొమ్ముపని చేసే వీధి మాది.
ఆకురాయి కింద గేదె కొమ్ము అరుగుతుంటే
కాలిన వెంట్రుకల వాసన.
అన్నంలోనూ అదే, పండక్కి దాచిన బట్టల్లోనూ అదే.
నాన్న కొమ్మును సెగకి పట్టి వంచి
కొంగ మెడ చేస్తాడు, రొయ్య మీసం చేస్తాడు.
కొమ్మూ గోరూ ఒకటే జాతే అంటాడు.
అనేసి, దండాసి చేతివైపు చూసి
మిగతా మాట మింగుతాడు.

వాడి గోళ్ళు చింతపువ్వు రెక్కంత.
ఢిల్లేశ్వరికి నాలుగు వేళ్ళ మీద అవీ లేవు.
ఉన్న పళ్ళు మేకుల్లా కోసు,
జామకాయ నేనే గీరి పెడతాను.
పద్నాలుగేళ్ళ వాడు నా నడుం దగ్గరే ఆగిపోయాడు,
మెట్లెక్కితే పెదాలు నేరేడు రంగు.

ఢిల్లేశ్వరి పుట్టిన రాత్రి
మంత్రసాని దీపం దగ్గరకి లాక్కుని
వేళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.
"ఈసారీ అదృష్టమేనమ్మా, ఆరు."
అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.
అదృష్టం ఒకసారొస్తే చుట్టం.
రెండోసారొస్తే ఊరేదని అడగాలి.

అడగడానికి బరంపురం పెద్దాసుపత్రికి వెళ్ళాం.
డాక్టరు ఇద్దరి గుండెలూ చాలాసేపు విన్నాడు.
ఎక్స్‌రే కిటికీకి పట్టాడు:
పొట్టి ముంజేతులు, చిటికెన వేలి పక్కన
పిలవకుండా వచ్చి పంక్తిలో కూర్చున్న ఇంకో వేలు.
పెళ్ళికి ముందే బంధువులా అని ఒడియాలో అడిగాడు.
అమ్మ తెలుగులో సిగ్గుపడింది:
"మా మేనమామ కొడుకే."

కాగితం మీద నాన్న ఒక చదరం, అమ్మ ఒక సున్నా.
మొగుడూ పెళ్ళాలకి మధ్య ఒక గీత గీస్తారట,
వీళ్ళకి రెండు గీశాడు.
పైన ముత్తాతో ముత్తవ్వో, ఫొటో కూడా లేని మనిషి,
దాచిపెట్టి దాటించింది
రెండు కొమ్మలై దిగి ఒకే పీట మీద కలిసింది.
దండాసి నిండా నలుపు. ఢిల్లేశ్వరి నిండా నలుపు.
నా సున్నాలో పెన్ను ఆపి
ప్రశ్న గుర్తు పెట్టాడు.

జబ్బుకి ఇద్దరు దొరల పేర్లు కలిపిన పేరు.
నాన్న బస్సులో రెండుసార్లు అని చూసుకుని
ఇచ్ఛాపురం దాటకుండానే మర్చిపోయాడు.
ఎవరి వైపు నుంచి అని అమ్మ అడగలేదు.
చెరి సగం అని నాన్న చెప్పలేదు.

మావయ్య కబురు పంపాడు, ఖగేశుకి నన్నిమ్మని.
మంచివాడే. దండాసిని సైకిలు బార్ మీద కూర్చోబెట్టుకుని
మహేంద్రతనయ గట్టుదాకా తిప్పుతాడు.
వద్దని చెప్పాలి.
నోరు తెరిస్తే
దండాసీ, ఢిల్లేశ్వరీ అక్కడే కూర్చుని ఉన్నారు.
వద్దంటే ఎవర్ని వద్దన్నట్టు?

ఆషాఢం. గోరు లేని వేలికి గోరింటాకేంటని
పక్కింటి మాణిక్యం నవ్వింది.
ఢిల్లేశ్వరి వినలేదు, చేతులు చాపింది.
రుబ్బిన ముద్ద పది వేళ్ళకే సరిపోయింది.
ఎండకముందే నా వేళ్ళ మీంచి గీకి
మిగిలిన రెండింటికీ టోపీలు పెట్టాను.
పొద్దున కడుక్కుంటే
దానివి పన్నెండూ ఎర్రగా పండాయి,
నావి రెండు తెల్లగా.