మెడ కొలత

ముహర్రక్ సందులో ఇరవై రెండేండ్లు
మెడలు కొలిచిన.
టేపు చుట్టి, లోపల ఒక వేలు పెట్టి:
గుటక పడాలె, గుండీ పడాలె.
ముసలి ఖలఫ్‌కైతే ఆ వేలు సందు కూడ వద్దు,
కాలరు బిగువుంటేనే మర్యాద అంటడు.

ఇయ్యాల నా మెడ మీద ఇంకొకరి వేళ్లు.
డాక్టర్ బుదూర్ దవడ కింద, చెవి కింద
మెల్లగ ఒత్తి చూసింది,
బట్టల ముడి వెతికినట్టు.
ఏం తగల్లే.

నాలుక అంచున మాత్రం పుండు,
శెనగ గింజంత.
గుండుసూదులు పట్టుకునే నోరు,
ఖైనీ దాచుకున్న నోరు.
ఎవర్నీ తిట్టేది లేదు.

ఓదెలు అన్న నా పేరు ఆమె నోట్ల ఊదిల్ అయింది.
"నాలుకది తీసేస్తం, అది ఖాయం.
మెడ సంగతే మాట్లాడాలె" అన్నది
వచ్చీరాని హిందీల.
పదిమందిల ముగ్గురికి
చేతికి దొరకని విత్తనం
అప్పటికే మెడలకు దిగి ఉంటదట.
ఏడుగురికి ఏం ఉండదట.
నువ్వు ఏ లెక్కల ఉన్నవో
కోసి చూస్తే తప్ప తెల్వదట.

కోయకుండ కనిపెట్టుకుంట ఉంటే?
నెలనెలా వస్త, ఒత్తి చూడుండ్రి అన్న.
ఆమె నన్ను కాదు,
నా వీసా తారీఖు ఉన్న కాయితం చూసింది.
"గడ్డ చేతికి దొరికేనాటికి
అది మనకన్న ముందు నడిచి ఉంటది."

ఆ రాత్రి దుకాణంల లైటు ఆర్పలే.
కత్తెర ముందర తెల్ల గుడ్డ.
మరక లేని గుడ్డను కోసుడే గద నా పని,
అనుకుంటే నవ్వొచ్చింది.
గుడ్డకు నొప్పి తెల్వదు, అంతే తేడా.

కోరుట్లకు ఫోన్ జేసిన.
భూలచ్చి ఒక్కటే అడిగింది:
"మాట పోతదా?"
పోదంట. జర తడబడతదంట.
"అయితే కోపిచ్చుకో."

పొద్దున నీలం సిరాతోని గీత గీసింది
మెడ ముడత వెంబడే.
అద్దంల చూసి మెచ్చుకున్న.
మడతల కుట్టు దాయాలని
ఈమెకు ఎవలు నేర్పిన్రో.
భుజానికి పోయే నరం ఒకటుంటదట,
తెంపకుండ పక్కకు జరిపి పని జేస్తదట,
అయినా కొన్నాళ్లు భుజం వాలొచ్చట.

వాలింది. ఎడమది, అరంగుళం.
నా టేపుతోనే కొలుచుకున్న.
ఇసుంటి గిరాకీలకు
లోపల చిన్న ప్యాడు కుట్టి ఇస్త, లోకానికి తెల్వదు.
నాకు నేను కుట్టుకోలే.

పన్నెండో నాడు రిపోర్టు.
ముప్పై నాలుగు లింఫ్ గింజలు తీసిన్రు,
ఒక్కదాంట్ల కూడ ఏం లేదు.
బుదూర్ నవ్వింది. నేనూ నవ్విన, సగం మూతితోని.
బయట బస్టాపుల కూసున్నంక
ఉత్త పుణ్యానికి కోయించుకున్ననా అనిపించింది,
అబద్ధమెందుకు.
నేను ఆ ఏడుగురిల ఒకన్నని
తెలుసుకునేందుకే గద అంత కోత.

రంజాన్ ముందర ఖలఫ్ వచ్చిండు.
నా మెడ మీది గీతను చాలాసేపు చూసిండు,
ఏం అడగలే.
"ఈసారి రెండు వేళ్ల సందు పెట్టు" అన్నడు.
టేపు ఆయన మెడ ఎనకకు వెయ్యాలె,
నా ఎడమ చెయ్యి లేస్తలేదు.
ఆయనే తల వంచిండు.