నెమలి తోకకు పదకొండు సెకండ్లు

ధర్మవరంలో, హుసేనప్ప గ్రాఫుల కొట్లో
రెండు కంప్యూటర్లు పక్కపక్కన.
పాతదాంట్లో విండోస్. నెమలి తోక
విసనకర్ర విప్పినట్టు ఒక్క ఊపున పడుతుంది.
కొత్తదాంట్లో లైనక్స్. అదే నెమలి,
నేను రాసిన అదే ప్రోగ్రాము,
మే నెల కుళాయిలా
చుక్కా చుక్కా.

సెల్‌ఫోన్ గడియారం పట్టుకుని చూశాను:
ఇటు అర సెకండు, అటు పదకొండు.

"కొత్తెద్దు గదా, కాడికి అలవాటు పడలేదింకా"
అన్నాడు హుసేనప్ప, అట్టలకు బెజ్జాలు కొడుతూనే.

డ్రైవరు మార్చాను. రంగుల లోతు తగ్గించాను.
అక్షరాల నునుపు తీసేశాను.
కేబులు పీకి, ఊది, మళ్లీ దోపాను.
మధ్యాహ్నం కరెంటు పోయింది; నిజం చెప్పాలంటే, సంతోషించాను.
ఆయన మేనల్లుడి మాక్ తెప్పించి చూస్తే నాలుగు సెకండ్లు.
ముగ్గురు సాక్షులు, మూడు మాటలు.

పొద్దు వాలినాక నా కోడు నేనే చదువుకుంటూ పోతే
దొరికింది, సిగ్గుపడే చోట.
ప్రతి చుక్కా పెట్టే ముందు
"అక్కడ ఏ రంగుంది?" అని తెరనే అడుగుతున్నాను.
విండోస్‌కు జవాబు జేబులోనే ఉంది.
లైనక్స్ మాత్రం గ్రాఫిక్స్ కార్డు దాకా పోయి,
అక్కడి పని ఆపించి, అడిగి, తిరిగొచ్చి చెబుతోంది,
నాలుగువందల ఎనభై హుక్కులకూ, వరస వరసకూ.

విని హుసేనప్ప నవ్వలేదు.
"పోగు పోగుకూ షావుకారు కొట్టుకు పోతే
మగ్గం మీంచి చీర ఎప్పుడు దిగల్ల సామీ?
కండెలు పక్కన పెట్టుకోవల్ల గదా."

పక్కన పెట్టుకున్నాను: తెరకు ఒక నకలు, మెమరీలో.
అడిగేదంతా దాన్నే. గీసేదంతా దానిమీదే.
అయినాక ఒక్కసారి ఎత్తి తెరమీద పరిచాను.
నెమలి రెప్పపాటులో వచ్చేసింది.
మళ్లీ నొక్కాను, ఊరికే, గర్వానికి.

ఆయన అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.
"బాగుండాది. కానీ ఈ వారమంతా అది మెల్లగ గీస్తాంటే
నా చూపు దాని వెంబడే నడిచేది.
ఈక మీద మూడో కన్ను కాడ
ఒక హుక్కు తప్పింది, అట్లే దొరికె.
ఇప్పుడు మొత్తం ఒకేసారి వచ్చి నిలబడితే
తప్పు యాడ దాక్కునిందో యెట్ల తెలుస్తాది?"

రాత్రి బస్సుకు ముందు
తెర మూలన ఒక మీట పెట్టాను. పేరు: నిదానం.
నొక్కితే పదకొండు సెకండ్లు, లెక్కగా,
రెండు యంత్రాల్లోనూ.