యోవ్

నెలాకరు దాకా నా ఫోనుకు
"ఏమ్మే, తింటివా" అని వస్తాది.
ఒకటో తేదీ "రవణా."
రెండో తేదీకి "రవణమ్మా, బంగారూ."
జీతం లేటయితే "గారు" గూడా తగిలిస్తాడు మారాజు.

నేను మటుకు ఎప్పుడూ "యోవ్" అనే కొడతా.
పెండ్లినాడు గడపకాడ ఆడబిడ్డలు అడ్డం నిలబడినా
మొగుని పేరు చెప్పలా,
పదిరూపాయలిచ్చి లోపలికి పోయినదాన్ని.

ఫర్వానియాలో ఎక్స్చేంజి గాజుకిటికీ అవతల
మలయాళం పిల్లోడు ఫారం పక్కనబెట్టి
ఎవరికి, నోటితో చెప్పమన్నాడు.
వెనక శుక్రవారం లైను గొణుగుతాంది.

పెంచలయ్య.

వినపళ్ళేదన్నాడు.
ఇంకోసారి, గట్టిగా, ఇంటిపేరుతో.

బస్సెక్కినాక మెసేజి:
"పడినాయి రవణమ్మ గారూ."
"సరే పెంచలయ్యా" అని కొట్టినా.

రెండు గీతలూ నీలమయినాయి.
టైపింగ్ అని వచ్చె, పోయె, మళ్ళా వచ్చె.
అంతలోకే సాల్మియా వచ్చేసింది.