పెసరగింజంత నీలం

చిక్కడపల్లిలో మేడమీది గది మాది, హైమదీ నాదీ.
పగలు సుల్తాన్ బజార్‌లో కళ్లద్దాలు అరగదీస్తాను.
మైనస్ రెండు, మైనస్ రెండుంపావు,
ఎవరి మసక వాళ్లకి లెక్కగా తీసేసి
డబ్బాలో పెట్టి పంపిస్తాను.
రాత్రయ్యేసరికి
చేతిలో పట్టేంత వెలుగొకటి నాకై నేను చేసుకోవాలని
ఎందుకు పట్టుకుందో చెప్పలేను.
ఆ డబ్బుతో చెవులకేమైనా కొనుక్కోవచ్చుగా, అంటుంది హైమ.
కొనుక్కోవచ్చు.

గుజరాతీ గల్లీలో ఖుద్దూస్ భాయ్ కొట్టు
మనిషి అడ్డం తిరిగితే నిండిపోతుంది.
అమీర్‌పేటలో మూతపడ్డ కోచింగ్ సెంటర్‌ది
పాత ప్రొజెక్టరొకటి బోర్లా పడుకోబెట్టి
పొట్ట విప్పి చూపించాడు.
ఎన్ని బ్యాచ్‌లు దాని ముందు కూర్చుని
జావా రాసుకున్నాయో,
ఏసీ చల్లదనానికి కునుకు తీశాయో.
గోడమీది అక్షరాల వెనకాల
ఇంత నీలం నిలబడి ఉందని
ఏ సారూ చెప్పి ఉండడు.
రెండు డయోడ్లు కొన్నాను, ఒక్కోటీ పెసరగింజంత.

మొదటిదాన్ని ఆదివారం చంపేశాను.
తొందర. కరెంటెంతో కొలవకుండా కలిపేశాను.
డయోడ్ చచ్చాక కూడా పూర్తిగా ఆరిపోదు, తెలుసా.
మొండిగా, మసగ్గా వెలుగుతూనే ఉంటుంది,
గీతలో నడవడం మర్చిపోయి
నలుమూలలా ఒలికిపోతుంది, ఎక్కడికీ చేరదు.
అలా వెలిగే మనుషులు ఇద్దరు మా షాపులోనే ఉన్నారు.
ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

"జల్దీ నక్కో మేడమ్" అన్నాడు ఖుద్దూస్ భాయ్.
ముందు కొలువు, తర్వాత కలుపు.
మిగతాదంతా కనుబొమలతో చెప్పాడు.

జుమేరాత్ బజార్‌లో అల్యూమినియం టార్చి దొరికింది.
లోపలికి రాగి బిళ్ల కావాలంటే
బాలానగర్ పోయి లేతు దగ్గర నిలబడ్డాను.
"దేనికమ్మా ఇది?" చెన్నకేశవులు అడిగాడు.
వేడి తాగడానికి.
"ఐతే ఇంకో రెండు మిల్లీమీటర్లు మందం ఉంచుతా."
ఇంకేం అడగలేదు. నలభై రూపాయలు తగ్గించాడు కూడా.

టంకం పెడుతుంటే గుగ్గిలం వాసన మెట్లు దిగి
కింద వాటా వకుళమ్మగారి దాకా పోయింది.
"సాంబ్రాణి వేశావేంటే అమ్మాయ్,
ఇవాళ మంగళవారం కదా!"
అవునండీ అన్నాను. చేతిలో తీగ వణికింది.

నారింజరంగు అద్దాలు మాత్రం బేరమాడకుండా కొన్నాను.
కళ్లతో బతికేదాన్ని, కళ్ల దగ్గర పొదుపేమిటి.
స్టీలు గ్లాసులు మంచం కిందికి తోసి,
అద్దం మీద తువ్వాలు కప్పి,
కిటికీ బిగించి
(ఆకాశంలో శంషాబాద్‌కి దిగే విమానాలుంటాయి,
ఎదురింట్లో నిద్రపట్టని పిల్లాడుంటాడు)
గోడ వైపు తిప్పి
నొక్కాను.

ఏమీ లేదు.
నాలుగు నెలల పనికి గోడమీద ఏమీ లేదు.
రెండోదీ పోయిందనుకున్నాను.
రాగి బిళ్ల మాత్రం మెల్లిగా వెచ్చబడుతోంది.
అప్పుడు వెలిగింది బుర్ర:
నన్ను కాపాడే అద్దాలే
నా నీలాన్ని మింగేస్తున్నాయి.

లెన్స్ వదులు చేసి వెలుగును పలచగా పరిస్తే
బల్లమీద హైమ టిఫిన్ డబ్బా మూత
ఒక్కసారి నిప్పులా, కాదు,
లేత నిమ్మకాయలా వెలిగింది.
నిన్నటి పప్పు మరక. ఎంత తోమినా పోని పసుపు.
వెలుగు కనబడలేదు గాని
అది తాకింది కనబడింది.

హైమని పిలిచాను. అద్దాలు ఒకటే జత.
ఎక్కడ నొక్కాలో, ఎటు తిప్పకూడదో
మూడుసార్లు చెప్పించుకుని
తలుపు దగ్గరగా వేసి
మెట్లమీదికొచ్చి కూర్చున్నాను.
లోపల్నుంచి నవ్వు.
"ఏయ్, నా డబ్బానే దొరికిందా నీకు!"

తలుపు కింద సందులో
గుడ్డ కుక్కడం మర్చిపోయాను.
నా చెప్పుల మీదకి
సన్నగా, దారప్పోగులా,
నీలం.